గాలి ఒలిచిన పొర

తెల్లమచ్చ నొప్పి పెట్టదు. చీము పట్టదు, ప్రాణానికి ముప్పు తేదు. అయినా ఎదిగిన పిల్ల పెదవి చివర గోరంత తెల్లదనం కనిపించిందంటే ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు ఉండదు. ఇరుగుపొరుగు గుసగుసలు, సంబంధాలు చూడడానికి వచ్చేవాళ్ల చూపులు, ఎవరో చెప్పిన పసరు పూత, ఇంకెవరో చెప్పిన మొక్కు. బొల్లి అంటుకునే జబ్బు కాదనీ, కుష్టుకూ దానికీ ఏ సంబంధమూ లేదనీ డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా ఆ భయం మన ఊళ్లను పూర్తిగా వదల్లేదు. ఈ మచ్చకు వైద్యం వెతుక్కుంటూ సాగిన ప్రయాణంలో ఒక ఘట్టం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. పదునైన కత్తికి లొంగని పని ఒకటి, చివరికి గాలిని మెల్లగా పీల్చడంతో నెరవేరింది. అక్కడికి చేరడానికి వైద్యలోకానికి నూరేళ్లు పట్టింది.

చిక్కు ఎక్కడుందో ముందు చూద్దాం. మన చర్మంలో పైన ఉండేది ఎపిడెర్మిస్. చాలాచోట్ల దాని మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. దాని కింద రక్తనాళాలతో, నరాలతో దళసరిగా ఉండేది డెర్మిస్. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లు అనే కణాలు పైపొరలోని అడుగు వరుసలో కాపురం ఉంటాయి. బొల్లిలో శరీర రక్షణ వ్యవస్థే పొరబడి వీటిని చంపేస్తుంది. మిగతా చర్మం అంతా బాగానే ఉంటుంది. స్పర్శ ఉంటుంది, చెమట పడుతుంది, దెబ్బ తగిలితే మానుతుంది. లేనిది రంగు కణం ఒక్కటే.

మన ఆయుర్వేద వైద్యులు బావంచి గింజలు నూరి పూసి రోగిని ఎండలో కూర్చోబెట్టేవారు. ఈజిప్టులో నైలు తీరపు వైద్యులు మరో మొక్కతో అదే పని చేసేవారు. 1940ల్లో కైరో వైద్యుడు ఎల్ మోఫ్టీ ఆ మొక్క నుంచి తీసిన సోరాలెన్ మందులను రోగులకు ఇచ్చి, ఎండ తగిలించి ఫలితాలు ప్రకటించాక ఈ పాత వైద్యం ఆధునిక శాస్త్రంలోకి వచ్చింది. అయితే రంగు తిరిగి వచ్చేటప్పుడు ఒక వింత కనిపించేది. మచ్చ మొత్తం ఒక్కసారిగా రంగెక్కదు. ముందు వెంట్రుకల కుదుళ్ల దగ్గర చుక్కలు చుక్కలుగా మొదలై, ఆ చుక్కలు పెద్దవై ఒకదానితో ఒకటి కలుస్తాయి. కుదుళ్ల లోతుల్లో రంగు తయారుచేయకుండా ఊరికే పడి ఉన్న మెలనోసైట్లు ఉంటాయని 1959లో స్టారికో అనే శాస్త్రవేత్త చూపించాక దీని గుట్టు తెలిసింది. ఎండ, మందు కలిసి వాటిని నిద్ర లేపుతున్నాయన్నమాట. మరి వెంట్రుకలే లేని పెదవుల మాటేమిటి? వెంట్రుకలు కూడా తెల్లబడిపోయిన మచ్చ సంగతేమిటి? అక్కడ నిద్ర లేవడానికి ఎవరూ లేరు. అలాంటి చోటికి రంగు కణాలను ఒంట్లో ఇంకో చోటి నుంచి తెచ్చి నాటాల్సిందే.

చెప్పడానికి ఒక వాక్యం. చేయడానికి ఒక శతాబ్దం.

కథ మొదలైంది మచ్చలతో కాదు, మానని పుండ్లతో. 1869లో పారిస్‌లోని నెక్కర్ ఆస్పత్రిలో జాక్ లూయి రెవెర్దాఁ అనే స్విట్జర్లాండ్ యువకుడు ఇంకా శిక్షణలోనే ఉన్నాడు. పెద్ద పుండ్లు అంచుల నుంచి లోపలికి మెల్లగా మానుతాయని అందరికీ తెలుసు. కొన్ని పుండ్ల నడిమధ్యలో కూడా చిన్న చర్మపు తునకలు తమంతట తాము మిగిలి, అక్కడి నుంచి చుట్టూ పెరగడం ఆయన గమనించారు. మధ్యలో తునక మిగలని పుండులో మనమే తునక పెడితే? సూదిమొనంత కత్తితో రోగి ఒంటి మీద నుంచే చిన్న పైపొర ముక్కలు గిల్లి, ఎర్రగా కండ కట్టిన పుండు మీద నారు నాటినట్టు అక్కడక్కడా ఉంచారు. ముక్కలు అతుక్కున్నాయి. చుట్టూ పెరిగాయి. ఆ డిసెంబరులో పారిస్ శస్త్రవైద్యుల సంఘం ముందు ఈ సంగతి వివరించినప్పుడు రెవెర్దాఁ వయసు ఇరవై ఏడు.

తర్వాతి పాతికేళ్లలో ఈ విద్య జోరుగా సాగింది. లియాన్‌లో ఓలియే, జర్మనీలో థియర్ష్ చిన్న ముక్కలకు బదులు పెద్ద పెద్ద పలచని పొరలు చెక్కి అతికారు. లండన్ సెయింట్ జార్జ్ ఆస్పత్రిలో జార్జ్ పొలాక్ 1870లోనే రెవెర్దాఁ పద్ధతి మొదలుపెట్టి, తెల్లవాడి పుండులో నల్లవాడి చర్మం ముక్క పెడితే ఏమవుతుందో కూడా చూశారు. ఒకరి చర్మం ఇంకొకరికి నిలవదని అప్పటికి ఎవరికీ గట్టిగా తెలియదు. ఈ విద్యలో తర్వాతి మలుపుకు రెండో ప్రపంచ యుద్ధం రావాల్సి వచ్చింది.

1940 వేసవిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక బాంబర్ విమానం కూలింది. పీటర్ మెడవార్ అనే యువ జీవశాస్త్రవేత్త ఇంటికి అది పడిన చోటు ఎంతో దూరం కాదు. ఒళ్లంతా కాలిన విమాన సైనికుడికి కప్పడానికి చర్మం చాలడం లేదు, ఏమైనా ఉపాయం చెప్పగలవా అని వైద్యులు మెడవార్‌ను అడిగారు. ఉన్న కాస్త చర్మాన్నీ ఎక్కువ మేర పరచాలంటే బతికి పెరిగే పైపొరను కింది పొర నుంచి విడదీయాలి అని ఆయనకు తోచింది. మాంసకృత్తులను జీర్ణం చేసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌లో చర్మాన్ని నానబెట్టి పైపొరను రేకులా విడదీయవచ్చని 1941లో 'నేచర్' పత్రికలో రాశారు. కాలిన గాయాలకు అది వెంటనే అక్కరకు రాలేదు. కానీ 'పైపొరను మాత్రమే విడిగా తీయడం' అనే ఆలోచన అప్పుడే గట్టిగా నాటుకుంది.

ఆ ప్రయోగశాలలోనే యుద్ధం ముగిశాక ఇంకో విచిత్రం జరిగింది. మెడవార్, ఆయన శిష్యుడు రూపర్ట్ బిల్లింగ్‌హామ్ నలుపు తెలుపు మచ్చలున్న గినీపందులను పట్టుకుని, నల్లచోటి చర్మాన్ని అదే జంతువు తెల్లచోట అతికారు. ముక్క అతుక్కుంది. అక్కడితో ఆగలేదు. నెలలు గడిచేకొద్దీ నలుపు ముక్క అంచు దాటి చుట్టూ ఉన్న తెల్లచర్మంలోకి పాకింది. నల్ల కణాలు పక్కనున్న తెల్ల కణాలకు రంగును 'అంటిస్తున్నాయి' అని వాళ్లు భావించారు. అది తప్పని తర్వాత తేలింది. 1970లో బిల్లింగ్‌హామ్ తానే సిల్వర్స్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో, రంగు కణాలు స్వయంగా నడిచి పక్కచోటికి వెళ్తున్నాయని చూపించారు. తను ఇరవై ఏళ్ల కిందట చెప్పిన మాటను తానే ప్రయోగం చేసి సరిదిద్దుకున్న ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చుతుంది. వివరణ ఏదైనా, చూసిన సంగతి మాత్రం బంగారం: తెల్లచోట రంగు కణాలను కొద్దిగా పెడితే చాలు, మిగతాది అవే చూసుకుంటాయి.

అదే కాలంలో, 1947లో, డెన్మార్క్ చర్మవైద్యుడు హాల్గర్ హాక్స్‌తౌసెన్ బొల్లి రోగుల మీద చర్మం మార్పిడి ప్రయోగాలు ప్రచురించారు. జబ్బు మూలం చర్మంలో ఉందా, ఇంకెక్కడైనా ఉందా అన్నది ఆయన ప్రశ్న. దాన్ని చికిత్సగా మలిచే పనికి దిగినవాళ్లలో మన దేశపు వైద్యుడు ముందు వరుసలో ఉన్నారు. ఢిల్లీలో డాక్టర్ పి.ఎన్. బెహల్ 1964లో పలచని థియర్ష్ పొరలతో బొల్లికి చేసిన వైద్యం గురించి రాశారు, తర్వాత కూడా ఆ దారిని వదల్లేదు. గోధుమరంగు ఒంటి మీద తెల్లమచ్చ ఎంత కొట్టొచ్చినట్టు కనబడుతుందో, దాని వెనక కుటుంబాల కన్నీళ్లు ఎన్ని ఉంటాయో తెలిసిన దేశంలో ఈ పట్టుదల పుట్టడం సహజం.

అయితే కత్తితో చెక్కడంలో ఒక పేచీ ఉంది. ఎంత నేర్పరి చేయి అయినా మిల్లీమీటరులో పదో వంతు దగ్గర కత్తిని నిలపలేదు. ఎపిడెర్మిస్‌తో పాటు కాస్తో కూస్తో డెర్మిస్ వచ్చేస్తుంది. వచ్చిన మేరకు చర్మం తీసిన చోట మచ్చ మిగులుతుంది. అతికిన చోట అంచులు దళసరిగా లేస్తాయి, అతుకు వేసిన గుడ్డలా కనిపిస్తుంది. తెల్లమచ్చను దాచబోయి తొడ మీద ఒక మచ్చ, ముఖం మీద ఒక అతుకు తెచ్చుకున్నట్టయ్యేది. కావలసింది పైపొర ఒక్కటే. దాని కింద వెంట్రుక మందం కూడా తెగకూడదు.

పైపొరను శుభ్రంగా విడదీయడానికి ప్రయోగశాలల్లో ఎన్ని పాట్లు పడ్డారో చూస్తే ముచ్చటేస్తుంది. ట్రిప్సిన్ సరేసరి. చర్మాన్ని యాభై డిగ్రీలు దాటేలా వేడిచేసి చూశారు, ఉప్పుల ద్రావణాల్లో నానబెట్టారు, సాగదీసి గీకారు, ఒక రకం పురుగు నుంచి తీసే కాంథారిడిన్ అనే మందు పూసి బొబ్బలెక్కించారు. కొన్నింటిలో కణాలు చచ్చేవి, కొన్నింటిలో పొర చిరిగేది, కొన్ని ఒంటి నుంచి కోసిన ముక్క మీద తప్ప బతికున్న మనిషి మీద పనికిరావు. పీల్చి బొబ్బ తెప్పించడం కూడా కొత్త కాదు. 1961లో అమెరికాలో స్లోవీ, లీడర్ అనే ఇద్దరు కొలతపెట్టి పీల్చి బొబ్బలు తెప్పించిన సంగతి క్లుప్తంగా రాశారు. అది పెద్దగా ఎవరి కంటా పడలేదు.

ఇప్పుడు కథ ఫిన్లాండ్‌కు వెళ్తుంది. హెల్సింకీ విశ్వవిద్యాలయంలో ఉర్పో కీస్తలా, కిమ్మో ముస్తకల్లియో అనే చర్మవైద్యులు పైపొరలోని ఎంజైమ్‌ల మీద పనిచేయాలనుకున్నారు. అందుకు బతికున్న మనిషి నుంచి, బతికున్న కణాలతో, డెర్మిస్ ఆనవాలు కూడా లేని పొర కావాలి. గాజు కప్పు బోర్లించి గట్టిగా పీలిస్తే ఏమవుతుందో పాతకాలం కప్పింగ్ వైద్యులకు తెలుసు: రక్తనాళాలు చిట్లి చర్మం కమిలిపోతుంది. బొబ్బ లేచినా అందులో నెత్తురు ఉంటుంది. వీళ్లు బలం తగ్గించి సమయం పెంచారు. చిన్న చిన్న రంధ్రాలున్న పలక ఒకటి చర్మం మీద ఆనించి, దాని పైన కప్పు పెట్టి, బయటి గాలి ఒత్తిడి కంటే 200 మిల్లీమీటర్ల పాదరసం మేరకు తక్కువ ఉండేలా గాలిని పీల్చి అలాగే వదిలేశారు. చర్మం రంధ్రాల్లోంచి బుడిపెల్లా పైకి లేచింది. చాలాసేపు ఏమీ జరగలేదు. గంట దాటాక బుడిపె మీద ఆవగింజంత నీటిచుక్కలు మొలిచాయి. అవి పెరిగి, పక్కవాటితో కలిసి, రెండు మూడు గంటలకు రంధ్రం నిండా ఒకే బొబ్బగా నిలిచాయి. లోపల నెత్తురు లేదు, లేత పసుపు రంగు నీరు మాత్రమే. 1964లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ఈ సంగతి అచ్చయింది. 1968లో పరికరం పూర్తి వివరాలు రాశారు. దానికి డెర్మోవాక్ అని పేరు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసినప్పుడు అసలు అందం బయటపడింది. ఎపిడెర్మిస్‌నూ డెర్మిస్‌నూ కలిపి ఉంచే సన్నని అతుకు ఒకటి ఉంది. అందులో లామినా లూసిడా అనే అతి పలచని వరుస దగ్గర పట్టు తక్కువ. మెల్లగా, విడవకుండా లాగితే ప్రతిసారీ సరిగ్గా అక్కడే ఊడుతోంది. కత్తి పట్టిన చేయి ఎన్నటికీ దొరకబుచ్చుకోలేని గీతను గాలి తనంత తానే వెతుక్కుంది. అడుగు వరుస కణాలు, వాటి మధ్య మెలనోసైట్లు బతికుండగానే బొబ్బ పైకప్పుతో పాటు లేచి వస్తున్నాయి. కింద డెర్మిస్ చెక్కుచెదరలేదు కాబట్టి కుదుళ్ల నుంచి కొత్త పైపొర పెరిగి, ఆ చోటు మచ్చ లేకుండా మానుతోంది. కీస్తలా అక్కడితో ఆగక, వయసు పెరిగేకొద్దీ బొబ్బ త్వరగా లేస్తుందనీ, చర్మం వెచ్చగా ఉంటే ఇంకా త్వరగా లేస్తుందనీ 1972లో కొలిచి చెప్పారు. ఈ రెండో సంగతి తర్వాతి తరాల డాక్టర్లకు ఎన్ని గంటలు మిగిల్చిందో లెక్కలేదు.

హెల్సింకీవాళ్లకు ఆ పొర పరీక్షనాళికలోకి వెళ్లే వస్తువు. దాన్ని తిరిగి మనిషి ఒంటి మీద పెట్టవచ్చన్న ఆలోచన భూగోళానికి అవతలి వైపు, కొలంబియాలోని కాలీ నగరంలో మొలకెత్తింది. వాయే విశ్వవిద్యాలయంలో పనిచేసే రఫాయెల్ ఫలాబెల్లా కూడా మన డాక్టర్ల లాగే గోధుమ, నలుపు ఛాయల రోగుల మధ్య తిరిగిన వైద్యుడు. పీల్చిన బొబ్బ పైకప్పు అంటే మిల్లీమీటరులో పదో వంతు మందం గల, రంగు కణాలు నిండిన, డెర్మిస్ అంటని పొర. అందరూ కత్తితో సాధించాలని తంటాలు పడుతున్నది అదే కదా! కత్తిరించి, రంగు పోయిన చోటా, మానని పుండ్ల మీదా అతికి చూశారు. అతుక్కుంది. రంగు పట్టింది. 1971లో అమెరికా చర్మవైద్యుల పత్రిక 'ఆర్కైవ్స్ ఆఫ్ డెర్మటాలజీ'లో ఆ వ్యాసం వచ్చింది. పరికరం కొత్తది కాదు, పొర కొత్తది కాదు, చర్మం తీసి అతికే గ్రాఫ్టింగ్ కొత్తది కాదు. మూడింటినీ ఒకచోట చూసిన కన్ను కొత్తది.

ఇంత చక్కటి ఉపాయం వెంటనే ఊరూరా పాకి ఉండాలి. పాకలేదు. మొదటి అడ్డంకి సమయం: రెండు మూడు గంటలు రోగి కదలకుండా పడుకోవాలి. రెండోది పరికరం ఖరీదు. మూడోది అతికే చోటు. తెల్లమచ్చ మీద ఉన్న పాత పైపొర తొలగితేనే కొత్త పొరకు తావు. దాన్ని కూడా డెర్మిస్ గాయపడకుండా తీయాలి. ద్రవ నత్రజనితో గడ్డకట్టించి బొబ్బ తెప్పించడం ఒక దారి, సోరాలెన్ పూసి అతినీలలోహిత కిరణాలతో పొక్కించడం ఇంకో దారి. చిన్న చక్రంతో పైపైన గీకే డెర్మాబ్రేషన్ మరొకటి, లేజర్లు ఇంకా తర్వాత వచ్చాయి. 1985లో బ్యాంకాక్ నుంచి సువన్‌ప్రకోర్న్ బృందం, 1988లో జపాన్ నుంచి కోగా ఫలితాలు ప్రకటించాక గానీ ఆసియా డాక్టర్లకు దీని మీద గురి కుదరలేదు.

అన్నిటికంటే బాధ పెట్టిన వైఫల్యం ఇంకొకటి. కొందరికి గ్రాఫ్ట్ చక్కగా అతుక్కునేది, రంగు వచ్చేది, కొన్ని నెలలకు ఆ రంగు కూడా మాయమయ్యేది. కొందరికి తొడ మీద పొర తీసిన చోట కూడా తెల్లమచ్చ లేచేది. తప్పు చేతిది కాదు, అతుకుది కాదు. లోపల జబ్బు ఇంకా రగులుతోంది. పాత మెలనోసైట్లను చంపిన రక్షణ కణాలే కొత్తగా వచ్చినవాటినీ చంపేస్తున్నాయి. అందుకే ఫలాబెల్లా ఇంకో జాగ్రత్త నేర్పారు: పెద్ద పని మొదలుపెట్టే ముందు మచ్చలో నాలుగైదు చిన్న ముక్కలు నాటి, వాటి చుట్టూ రంగు పాకుతుందా లేదా చూడండి. పాకితే ముందుకు సాగండి, లేకపోతే ఆగండి. కనీసం ఏడాది పాటు కొత్త మచ్చలు రాకుండా, పాతవి పెరగకుండా ఉన్నవాళ్లకే గ్రాఫ్ట్ అన్న నియమం ఇలాంటి అనుభవాల నుంచే వచ్చింది. చండీగఢ్ పీజీఐ వైద్య సంస్థలో సోమేష్ గుప్తా, భూషణ్ కుమార్ 2003లో ప్రచురించిన పరిశీలన ఇంకొంత స్పష్టత ఇచ్చింది. శరీరంలో ఒకవైపు ఒక పట్టీలా వచ్చి ఆగిపోయే బొల్లిలోనూ, ఒకటి రెండు మచ్చలకే పరిమితమైనవాళ్లలోనూ, ఇరవై ఏళ్ల లోపువాళ్లలోనూ ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. ఒళ్లంతా పాకే రకంలో అంత బాగా లేవు.

1998లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు న్జో, వెస్టర్‌హోఫ్, వాళ్ల సహచరులు అప్పటిదాకా ప్రపంచమంతటా బొల్లికి చేసిన గ్రాఫ్టుల లెక్కలన్నీ పోగేశారు. పలచని చర్మపు పొరలకూ, పీల్చిన బొబ్బ పైపొరలకూ సగటు విజయం సమానంగా 87 శాతం అని తేలింది. అయితే పలచని పొరలు కత్తితో తీసేవి, వాటికి చర్మం తీసిన చోట మచ్చ మిగిలే ప్రమాదం ఉంది. బొబ్బ పైపొరకు ఆ బెడద చాలా తక్కువ.

ఖరీదు అడ్డంకిని తొలగించింది మాత్రం మన దేశమే, అదీ మందుల షాపులో దొరికే సిరంజీతో. 1999లో భారతీయ వైద్యులు ప్రచురించిన పద్ధతిలో డెర్మోవాక్ లేదు, కరెంటు పంపు లేదు. వాడి పారేసే ప్లాస్టిక్ సిరంజీల్లోంచి పిస్టన్లు తీసేసి, గొట్టాలను వెడల్పు వైపు కిందికి వచ్చేలా తొడ మీద బోర్లిస్తారు. సన్నని మూతి వైపు సెలైన్ సెట్లలో వాడే త్రీవే మర తగిలిస్తారు. పెద్ద సిరంజీ ఒకటి దానికి బిగించి గాలి లాగి మర తిప్పేస్తే లోపల శూన్యం నిలిచిపోతుంది. అంతే పరికరం. జిల్లా ఆస్పత్రి డాక్టరు కూడా ఆ పూటకు ఆ పూట తయారుచేసుకోగలిగినది. ఈ కథ మొత్తంలో నా మనసు ఎక్కువసేపు ఆగేది ఈ సిరంజీ దగ్గరే.

ఆ గదిలో ఏం జరుగుతుందో ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. తొడ మీద వరుసగా నిలబెట్టిన గొట్టాలు. లోపల చర్మం ఉబ్బి ఎర్రబడుతుంది. కొందరు వేడి దీపం పెడతారు, కొందరు వేడినీళ్ల సంచి ఆనిస్తారు. బొబ్బలు నిండాక మర వదిలి గొట్టాలు తీస్తారు. డాక్టరు వంపు తిరిగిన చిన్న కత్తెరతో బొబ్బ మొదట్లో చుట్టూ కత్తిరించి, పైకప్పును గాజు పలక మీదికి బోర్లా జారవిడుస్తారు. అది ఉల్లిపొర కంటే పలచన, చిటికెలో మడత పడి ముద్దయిపోతుంది. ఇక్కడే నైపుణ్యమంతా. రెండు వైపులూ చూడడానికి ఒకేలా ఉంటాయి, కానీ లోపలి వైపు తడిగా మెరుస్తుంది, పై వైపు కాస్త మసకగా ఉంటుంది. మెరిసే వైపు కిందికి ఉండాలి. తిరగేసి పెడితే ఒక్క కణం కూడా అతకదు. లోపలి వైపు అంటిన జిగట పదార్థాన్ని మెల్లగా తుడిచి, గీకి సిద్ధం చేసిన మచ్చ మీద, సన్నని నెత్తుటి చుక్కలు ఆగాక, ఆ పొరను పరిచి సూదిమొనతో మడతలు సరిచేస్తారు. నూనె పట్టించిన గాజుగుడ్డ పైన కప్పి కట్టు కడతారు. పెదవి మీద అయితే రోగి కొన్ని రోజులు గట్టిగా నవ్వకూడదు, నమలకూడదు. అతుకు కదిలితే శ్రమంతా వృథా.

వారం రోజులకు కట్టు విప్పుతారు. మరో వారం లోపు అతికిన పొర నల్లగా ఎండి రాలిపోతుంది. దాన్ని చూసి ఆపరేషన్ పోయిందని గుండెలు బాదుకున్న కుటుంబాలు ఎన్నో. డాక్టర్లు ముందే చెప్పి పంపాల్సిన మాట ఇదే: రాలింది పనైపోయిన పైకప్పు మాత్రమే. అప్పటికే రంగు కణాలు కిందికి దిగి స్థిరపడి ఉంటాయి. గులాబీ రంగులో ఉన్న చోటు వారాలు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, మొదట్లో పక్క చర్మం కంటే కాస్త ముదురుగా ఉండి మెల్లగా కలిసిపోతుంది. అంచు దాటి కొన్ని మిల్లీమీటర్ల మేర బయటికి కూడా పాకుతుంది, ఆక్స్‌ఫర్డ్ గినీపందుల ఒంటి మీద పాకినట్టే.

ఈ వైద్యం మన ఆడవాళ్లకు ఇంకో విధంగానూ పనికొచ్చింది. అంటించుకునే బొట్టుబిళ్ళల జిగురులో ఉండే పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం కొందరికి నుదుటి మీద రంగు కణాలను చంపేస్తుంది. బొట్టు పెట్టుకున్న చోటే గుండ్రంగా తెల్లమచ్చ. బిళ్ళ మానేశాక మచ్చ పెరగడం ఆగి, మందులకు మాత్రం లొంగకపోతే, చిన్నదీ స్థిరమైనదీ కాబట్టి బొబ్బ పైపొరకు అనువైన చోటు అది. పుదుచ్చేరి జిప్‌మర్ వైద్యులు 2008లో పెదవి మచ్చల మీద ఈ పద్ధతినీ, పంచ్ గ్రాఫ్టింగ్‌నూ పోల్చి చూశారు. చిన్న గుండ్రటి ముక్కలు నాటే పంచ్ పద్ధతి చవకైనదీ సులువైనదీ అయినా, చర్మం గులకరాళ్లు పరిచినట్టు ఎగుడుదిగుడుగా మిగిలే అవకాశం దాంట్లో ఎక్కువ. ముఖం మీద పనిచేసేటప్పుడు బొబ్బ పైపొరవైపు డాక్టర్లు మొగ్గడం అందుకే.

పుండ్ల వైద్యులు కూడా దీన్ని తిరిగి అందుకున్నారు. జపాన్‌లో యమగుచి బృందం మధుమేహంతో పాదాల్లో ఎముక బయటపడ్డ రోగులకు, ఆ ఎముకను కొంత మేర తొలగించి కండ కట్టించి, దాని మీద పీల్చిన బొబ్బ పైపొరలు పరిచి మాన్పిన తీరును 2004లో ప్రకటించింది. అమెరికాలో సెల్యూటోమ్ అనే పరికరం వచ్చింది. అది వెచ్చదనం, పీల్పు రెండూ కలిపి ముప్పావు గంటలోపే 128 దాకా చిట్టి బొబ్బలు ఒకేసారి లేపుతుంది. వెచ్చగా ఉంటే త్వరగా లేస్తుందని కీస్తలా కొలిచి చెప్పిన మాట అలా యంత్రంలో చేరింది.

బొల్లి విషయంలో ఇప్పటి ప్రయత్నమంతా విస్తీర్ణం మీద ఉంది. ఒక బొబ్బ తనంత మచ్చనే కప్పుతుంది, అరచేయంత మచ్చకు ఎన్ని బొబ్బలని లేపుతారు? ఫ్రాన్స్‌లో గోతియే, సుర్లేవ్ బాజేయ్ 1992లో ఇంకో దారి చూపారు: చర్మాన్ని ట్రిప్సిన్‌లో నానబెట్టి కణాలను విడదీసి, ఆ ద్రవాన్ని మచ్చలోకి ఎక్కించడం. మెడవార్ యుద్ధకాలంలో కాలిన సైనికుల కోసం వెతికిన ట్రిప్సిన్ అలా బొల్లి రోగుల దగ్గరకు వచ్చి చేరింది. బొబ్బ పైకప్పునే ట్రిప్సిన్‌లో వేసి కణాలుగా విడదీసి, దాని కంటే పలు రెట్లు పెద్ద మచ్చ మీద పరిచే డాక్టర్లు ఇప్పుడు ఉన్నారు. మరోవైపు 2022లో అమెరికా ఔషధ సంస్థ ఆమోదించిన రక్సోలిటినిబ్ పూతమందు లాంటివి రక్షణ కణాల దాడిని తగ్గిస్తున్నాయి. జబ్బును మందుతో చల్లార్చి, కణాలు లేని చోట గ్రాఫ్టుతో నింపడం అనే జోడు పద్ధతి మీద పరిశోధనలు నడుస్తున్నాయి. వేళ్ల కొసలు, కీళ్ల మీది చర్మం మాత్రం ఇంకా మొండికేస్తున్నాయి. అక్కడ ఏ పద్ధతిలో అతికినా రంగు పట్టేది తక్కువే, పట్టినా నిలిచేది తక్కువే.